తక్కువ ఖర్చుతో స్ట్రోకర్ ఇంజిన్: జీప్ 4.0 బ్లాకులో 4.2 క్రాంక్‌షాఫ్ట్ అమర్చే విధానం

బండరాళ్ల మధ్య దారి వెతుక్కుంటూ పాకే వాహనానికి అయిదు వేల ఆర్‌పీఎం దగ్గర పుట్టే హార్స్‌పవర్‌తో పెద్దగా పని ఉండదు. వెయ్యి నుంచి మూడు వేల ఆర్‌పీఎం లోపల చక్రాన్ని గట్టిగా తిప్పే టార్కు కావాలి. దాని కోసం టర్బో బిగించవచ్చు, వీ8 ఇంజిన్‌ను మార్చి పెట్టవచ్చు. అయితే ఆ రెండు మార్గాల్లోనూ ఇంజిన్ మౌంట్లు, వైరింగు, గేర్‌బాక్స్, రేడియేటర్ అంటూ ఒకదాని వెంట ఒకటి మార్చుకుంటూ పోవలసి వస్తుంది. స్ట్రోకర్ దారి వేరు. ఉన్న బ్లాకులోనే (సిలిండర్లుండే ఇంజిన్ ప్రధాన భాగంలోనే) స్ట్రోకు ఎక్కువగా ఉన్న క్రాంక్‌షాఫ్టును, అంటే పిస్టన్ల పైకీ కిందికీ కదలికను తిరుగుడుగా మార్చే ఇరుసును, వేసి, పిస్టన్ ప్రయాణించే దూరాన్ని పెంచి, తద్వారా ఇంజిన్ సామర్థ్యాన్ని పెంచుతాము. బయటి నుంచి చూస్తే ఇంజిన్ పాతదే కాబట్టి బండిలో దాని చుట్టూ ఉన్నవేవీ కదిలించనక్కర లేదు.

ఈ పనికి జీప్ 4.0 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్ అంత అనువైనది నాకు మరొకటి కనిపించలేదు. అమెరికన్ మోటార్స్ సంస్థ 1971 నుంచి 258 ఘనపుటంగుళాల, అంటే 4.2 లీటర్ల, ఇంజిన్‌ను తయారు చేసింది. 1987 మోడళ్లతో దాని కుటుంబంలోనే 4.0 పుట్టింది, 2006 రాంగ్లర్ వరకూ కొనసాగింది. 4.2లో బోరు (సిలిండరు లోపలి వ్యాసం) 95.25 మి.మీ., స్ట్రోకు 98.9 మి.మీ.; 4.0లో బోరు 98.4 మి.మీ., స్ట్రోకు 86.7 మి.మీ. అంటే ఒకదానిలో బోరు పెద్దది, మరొకదానిలో స్ట్రోకు పెద్దది. క్రాంకు బ్లాకు బేరింగుల్లో తిరిగే మెయిన్ జర్నళ్ల వ్యాసం (63.5 మి.మీ.), రాడ్లు పట్టుకునే రాడ్ జర్నళ్ల వ్యాసం (53.2 మి.మీ.) మాత్రం రెండింటిలోనూ ఒకటే కావడం వల్ల 4.2 క్రాంక్ 4.0 బ్లాకులో నేరుగా కూర్చుంటుంది. పాత ఇనుప సామాను మధ్య పడి ఉన్న 4.2 ఇంజిన్ ఒకటి దొరికితే క్రాంకుతో పాటు పిస్టన్లను దానికి కలిపే కనెక్టింగ్ రాడ్లు కూడా చేతికి వచ్చినట్లే.

పని మొదలుపెట్టే ముందే ఒక విషయం మనసులో స్థిరపరచుకోవాలి. ఈ ఇంజిన్‌లో డబ్బు మిగిలేది పాత క్రాంకు, పాత రాడ్లు, మామూలు రీప్లేస్‌మెంట్ పిస్టన్లు వాడటం వల్ల. మెషిన్ షాపు పనిలో, కొలతల్లో, బేరింగుల్లో, గ్యాస్కెట్లలో మిగిల్చే ప్రయత్నం చేస్తే ఆ డబ్బు రెండింతలై బయటికి పోతుంది. మెరిసే వాల్వ్ కవరు మీద పెట్టే సొమ్ముతో ఒక మంచి బోర్ గేజ్ కొనుక్కోవడం మేలు.

మొదటి అడుగు: బ్లాకు, క్రాంకు, రాడ్ల ఎంపిక

బ్లాకును పూర్తిగా విప్పి, వేడి ద్రావణంలో కడిగించి, పగుళ్ల కోసం పరీక్ష చేయించండి. ఆ తరువాతే బోరు కొలవాలి. ప్రతి సిలిండరునూ పైన, మధ్యలో, కింద, రెండేసి దిశల్లో కొలిచి, పైకీ కిందికీ వ్యాసంలో తేడా ఎంత ఉందో, బోరు అండాకారమైందో కాగితం మీద రాసుకోవాలి. బోరు బాగుంటే హోనింగ్‌తో (గోడను రాతితో సన్నగా రుద్దడంతో) సరిపెట్టి ప్రామాణిక సైజు పిస్టన్లే వేయవచ్చు. అప్పుడు సామర్థ్యం సుమారు 4.5 లీటర్లు వస్తుంది. అరిగి ఉంటే 30 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు), అంటే 0.76 మి.మీ., పెంచి బోరింగ్ చేయిస్తే 4.6 లీటర్ల దగ్గర నిలుస్తుంది. 60 థౌ దాకా కూడా వెళ్లేవారున్నారు. నేనైతే గోడల మందాన్ని అల్ట్రాసోనిక్ పరికరంతో పరీక్షించకుండా అంత దూరం వెళ్లను. బరువు మోస్తూ నెమ్మదిగా ఎక్కే బండిలో గాలి అంతగా ఆడదు, పలుచని గోడలు వేడిని తట్టుకోలేవు. 1996 నుంచి వచ్చిన బ్లాకుల్లో క్రాంకును కింది నుంచి పట్టి ఉంచే మెయిన్ క్యాపులన్నిటినీ కలిపి పట్టే ఉక్కు పట్టీ ఉంటుంది. ఎంచుకునే వీలుంటే అటువంటి బ్లాకునే తీసుకోండి.

4.2 క్రాంకులు రెండు రకాలు. మొదటి దశాబ్దంలో వచ్చినవాటికి పన్నెండు కౌంటర్‌వెయిట్లు, తరువాత వచ్చిన తేలికైనవాటికి నాలుగు ఉంటాయి. ఎక్కువ వెయిట్లున్నది బరువైనదే అయినా మెయిన్ బేరింగుల మీద ఒత్తిడిని సమంగా పంచుతుంది, తక్కువ వేగంలో ఇంజిన్‌ను కుదురుగా నడిపిస్తుంది. నాలుగు వెయిట్లదైనా ఈ పనికి నిరభ్యంతరంగా పనికివస్తుంది; దొరికినదాన్ని వదులుకుని వెతుకులాటలో నెలలు గడపవలసిన అవసరం లేదు. అయితే కొన్ని క్రాంకుల ముందు కొన 4.0 క్రాంకు కంటే కొంచెం పొడవుగా ఉంటుంది. అప్పుడు బ్యాలెన్సర్ (క్రాంకు ముందు కొన మీది చక్రం) బోల్టు కింద తగిన మందం వాషరు వేయాలి, లేదా లేత్ మీద కొనను తగ్గించాలి. వెనుక కొనలో గేర్‌బాక్స్ పైలట్ బేరింగు కూర్చునే రంధ్రం కూడా సంవత్సరాన్ని బట్టి మారుతుంది. మాన్యువల్ గేర్‌బాక్స్ ఉన్నవారు ఆ రంధ్రాన్ని ముందే కొలిచి, కావలసిన బుష్‌ను సిద్ధం చేసుకోవాలి. ఇంజిన్ బండిలో కూర్చున్నాక ఈ లోటు బయటపడితే గేర్‌బాక్సును మళ్లీ దించక తప్పదు.

క్రాంకును పగుళ్లకు పరీక్షించి, జర్నళ్లను మైక్రోమీటరుతో కొలిచి, గీతలుంటే 10 థౌ గ్రైండింగ్ చేయించి, ఆయిల్ రంధ్రాల్లో బ్రష్ వేసి కడగాలి. రాడ్లను వంపు కోసం, మెలి కోసం చూసి, బోల్టులు కొత్తవి వేయించి, పెద్ద కన్నును (క్రాంకును పట్టే కొనను) తిరిగి గుండ్రంగా చేయించాలి. ముప్పై నలభై ఏళ్ల కిందటి రాడ్ బోల్టును మళ్లీ నమ్ముకోవడం మాత్రం పొదుపు అనిపించుకోదు.

రెండవ అడుగు: ఏ రాడ్డుకు ఏ పిస్టన్

ఈ ఇంజిన్ నిలిచేదీ చెడేదీ ఇక్కడే. బ్లాకులో క్రాంకు మధ్య నుంచి పై ముఖం వరకూ ఎత్తు సుమారు 240 మి.మీ. ఈ ఎత్తులో మూడు కొలతలు ఇమడాలి: స్ట్రోకులో సగం, రాడ్డు పొడవు, పిస్టన్ పిన్ను మధ్య నుంచి పిస్టన్ తల వరకూ ఉన్న ఎత్తు. 4.2 క్రాంకులో సగం స్ట్రోకు 49.5 మి.మీ. 4.2 రాడ్డు 149.2 మి.మీ. మామూలు 4.0 పిస్టన్ ఎత్తు 40.7 మి.మీ. కూడితే 239.4 మి.మీ. వస్తుంది, అంటే పిస్టన్ పైకొనకు చేరినప్పుడు బ్లాకు ముఖానికి 0.6 నుంచి 0.7 మి.మీ. కిందే ఆగుతుంది. ఇదే అతి చవకైన కూర్పు. పొడవైన 4.0 రాడ్డు (155.6 మి.మీ.) వేయాలనుకుంటే అవే పిస్టన్లు బ్లాకు పైకి 5.7 మి.మీ. పొడుచుకువస్తాయి, కాబట్టి పిన్ను పైకి జరిపిన ప్రత్యేక పిస్టన్లు కొనవలసి ఉంటుంది.

పొడవైన రాడ్డు వల్ల పిస్టన్ గోడ మీదికి నెట్టే పక్క ఒత్తిడి తగ్గుతుందన్నది నిజం. రాడ్డు పొడవును స్ట్రోకుతో భాగిస్తే చిన్న రాడ్డుతో 1.51, పెద్ద రాడ్డుతో 1.57 వస్తాయి. తేడా ఉంది గానీ, మూడు వేల ఆర్‌పీఎం లోపల ఎక్కువ కాలం తిరిగే ఇంజిన్‌లో ఆ తేడా కోసం పిస్టన్ల ఖర్చు రెట్టింపు చేయడం నాకు సమంజసంగా తోచదు. వేగానికి మాత్రం ఒక హద్దు పెట్టుకోవాలి. 5,000 ఆర్‌పీఎం దగ్గర 4.0లో పిస్టన్ సగటు వేగం సెకనుకు 14.5 మీటర్లయితే, ఇదే ఆర్‌పీఎంలో స్ట్రోకర్ పిస్టన్ 16.5 మీటర్లతో పరుగెడుతుంది. చవకైన పిస్టన్లతో అంతకు మించి తిప్పకండి.

మూడవ అడుగు: కంప్రెషన్, క్వెంచ్ లెక్క

సామర్థ్యం పెరిగి, సిలిండర్లను పైన మూసే హెడ్డు పాతదే ఉండిపోవడంతో కంప్రెషన్ రేషియో, అంటే సిలిండరులోని మిశ్రమం ఎన్ని రెట్లు కుదించబడుతుందన్న లెక్క, దానంతట అదే పెరుగుతుంది. దాన్ని అంచనాతో వదిలేయకూడదు. 30 థౌ బోరింగ్ చేసిన సిలిండరులో పిస్టన్ ఊడ్చే ఘనపరిమాణం 764.5 సీసీ. హెడ్డులోని చాంబరు 57 సీసీ, పిస్టన్ తల మీది గుంట 17.5 సీసీ, 1.09 మి.మీ. గ్యాస్కెట్ 8.8 సీసీ, పిస్టన్ పైన మిగిలిన ఖాళీ 5.1 సీసీ అనుకుందాం. మొత్తం 88.4 సీసీ. 764.5కు దీన్ని కలిపి, మళ్లీ దీనితోనే భాగిస్తే 9.65 వస్తుంది. ఇవి ఉదాహరణ కోసం తీసుకున్న అంకెలు మాత్రమే. మీ హెడ్డు చాంబరునూ, మీ పిస్టన్ గుంటనూ గాజుపలక మూసి, బ్యూరెట్‌తో ద్రవం పోసి మీరే కొలవాలి. నేను మొదటిసారి కట్టిన ఇంజిన్‌లో పిస్టన్ డబ్బా మీద అచ్చు వేసిన గుంట కొలతను నమ్మాను. ఎత్తు ఎక్కేటప్పుడు వచ్చిన నాకింగ్ (మిశ్రమం అదుపు తప్పి పేలినట్లు మండడం) శబ్దం విన్నాక హెడ్డు విప్పి కొలిస్తే గుంట అంతకంటే చిన్నదని తేలింది. అప్పటి నుంచి ఆరింటినీ కొలవకుండా ఒక్క పిస్టన్ కూడా లోపలికి పంపలేదు.

క్వెంచ్ అంటే పిస్టన్ పైకొనకు చేరినప్పుడు దాని చదునైన అంచుకూ హెడ్డు చదునైన భాగానికీ మధ్య మిగిలే సందు. ఈ సందు ఇరుకుగా ఉంటే మిశ్రమం స్పార్క్ ప్లగ్గు వైపు వేగంగా పిండబడి, చక్కగా కలిసి, త్వరగా కాలిపోతుంది. నాకింగుకు అవకాశం తగ్గుతుంది. పై ఉదాహరణలో ఖాళీ 0.66 మి.మీ., గ్యాస్కెట్ 1.09 మి.మీ. కలిపి 1.75 మి.మీ. ఉంది. ఇది మరీ ఎక్కువ. 1.0 నుంచి 1.25 మి.మీ. మధ్య ఉండటం మంచిది. బ్లాకు ముఖాన్ని 0.5 మి.మీ. గీయిస్తే సందు 1.25కు దిగుతుంది గానీ, రేషియో 10.05కు చేరుతుంది. మామూలు పెట్రోలుకు ఇనుప హెడ్డుతో అది ఎక్కువే.

ఈ ముడి విప్పే మార్గం పిస్టన్ గుంటను లోతు చేయించడమే. క్వెంచ్ ఇరుకుగా ఉంచి, గుంటలో ఒక్కోదానికి 7.6 సీసీ లోహం తీయిస్తే రేషియో 9.3 దగ్గర నిలుస్తుంది. తయారీదారు చెప్పిన కనీస తల మందాన్ని దాటి తీయకూడదు, ఆరు పిస్టన్ల బరువులూ తరువాత మళ్లీ సమం చేయించాలి. మందమైన గ్యాస్కెట్ వేసి రేషియో తగ్గించడం సులువుగా తోచవచ్చు. అయితే దానితో క్వెంచ్ పాడై, రేషియో తగ్గినా నాకింగ్ మిగిలిపోతుంది. ఇంకొక సంగతి కూడా గుర్తుంచుకోవాలి. 1987–90 మధ్య ఇంజిన్లలో నాకింగును పసిగట్టే సెన్సర్ ఉండేది, 1991 నుంచి వచ్చిన వాటిలో అది లేదు. అంటే కొత్త ఇంజిన్లలో కంప్యూటర్ తనంతట తాను టైమింగును వెనక్కి లాగి మనల్ని కాపాడదు; ఆ జాగ్రత్త కొలతల్లోనే ఉండాలి.

నాలుగవ అడుగు: హెడ్డు, క్యామ్

1991–95 మధ్య హెడ్లు, వాటి తరువాత 1999 వరకూ వచ్చినవి ఈ పనికి బాగా సరిపోతాయి. చివరి సంవత్సరాల్లో వచ్చిన, 0331 అని పోత గుర్తు ఉన్న తొలి హెడ్లకు మూడవ, నాలుగవ సిలిండర్ల మధ్య పగిలే స్వభావం ఉంది. అటువంటి దాన్ని పీడన పరీక్ష లేకుండా వాడకండి. వాల్వ్ సీట్లు, గైడ్లు, సీళ్లు సరిచేయిస్తే చాలు. హెడ్డులోని గాలి దారులను మలిచే పోర్టింగ్ పనికి డబ్బు పెట్టనక్కర లేదు, తక్కువ ఆర్‌పీఎంలో దాని ఫలితం స్వల్పం.

వాల్వులను తెరిపించే ఇరుసైన క్యామ్‌షాఫ్ట్ విషయంలో నా సలహా సూటిగా ఉంటుంది: పాతది అరగకుండా ఉంటే దాన్నే ఉంచండి. పెద్ద క్యామ్ టార్కును పై ఆర్‌పీఎంలోకి తోసేస్తుంది, మనకు కావలసింది సరిగ్గా దీనికి వ్యతిరేకం. పాత క్యామ్ ఉంచితే దాని మీద నడిచే ప్రతి లిఫ్టరునూ తన పాత లోబు (క్యామ్ మీది ఉబ్బు) మీదికే తిరిగి పంపాలి. వరుస తారుమారైతే క్యామ్ త్వరగా అరిగిపోతుంది. బ్లాకు, హెడ్డు గీయించినప్పుడు లిఫ్టరు కదలికను పైనున్న రాకర్లకు చేర్చే పుష్‌రాడ్లు ఆ మేరకు పొడవైనట్లు అవుతాయి. ఈ ఇంజిన్ రాకర్లలో సర్దుబాటు లేదు కాబట్టి లిఫ్టరు ఎంత లోపలికి నొక్కుకుంటోందో కొలిచి, అవసరమైతే పొట్టి పుష్‌రాడ్లు తెప్పించాలి.

అయిదవ అడుగు: బ్యాలెన్సింగ్, ఖాళీగా కూర్పు

క్రాంకు, రాడ్లు, పిస్టన్లు, పిన్నులు, రింగులు, బ్యాలెన్సర్, ఫ్లైవీల్ అన్నిటినీ కలిపి ఒకేసారి బ్యాలెన్సింగుకు ఇవ్వాలి. ఫ్లైవీల్ లేదా ఫ్లెక్స్‌ప్లేట్ తప్పనిసరిగా 4.0 బండిదే కావాలి. క్రాంకు స్థానాన్ని తెలిపే సెన్సర్ దాని అంచు మీది గాట్లనే చదువుతుంది, 4.2 ఫ్లైవీల్‌తో ఇంజిన్ అసలు అంటుకోదు.

ఇంటికి వచ్చిన భాగాలను రింగులు లేకుండా ఒకసారి కూర్చి చూడాలి. క్రాంకును చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పుతూ కౌంటర్‌వెయిట్లకూ పిస్టన్ స్కర్టులకూ మధ్య, రాడ్ బోల్టులకూ సిలిండరు అడుగు అంచులకూ మధ్య, రాడ్లకూ క్యామ్‌కూ మధ్య ఎంత ఖాళీ ఉందో చూడండి. ఎక్కడైనా 1.5 మి.మీ. కంటే తక్కువగా ఉంటే అక్కడ గుర్తు పెట్టి, రుద్ది, మళ్లీ కడగాలి. పిస్టన్ ఎంత కింద ఆగుతోందో డయల్ ఇండికేటరుతో ఆరింటిలోనూ కొలవండి. సిలిండరుకూ సిలిండరుకూ 0.1 మి.మీ. తేడా కనిపిస్తే బ్లాకు ముఖం క్రాంకుకు సమాంతరంగా లేదని అర్థం; దాన్ని సరిచేయించకుండా ముందుకు సాగవద్దు.

ఆరవ అడుగు: అసలు కూర్పు

బ్లాకును సబ్బు నీటితో, ఆయిల్ దారులన్నిట్లో బ్రష్ వేసి, తెల్లని గుడ్డకు మరక అంటనంత వరకూ కడగాలి. మెయిన్ బేరింగుల సందు 0.05 మి.మీ. దగ్గర, రాడ్ బేరింగుల సందు 0.044 నుంచి 0.050 మి.మీ. మధ్య ఉంటే మేలు. ప్లాస్టిగేజ్ తీగతో సరిచూడవచ్చు, మైక్రోమీటరు కొలతతో అది ఏకీభవించాలి. క్రాంకు ముందుకూ వెనక్కూ కదిలే ఆట 0.04 నుంచి 0.165 మి.మీ. లోపల ఉండాలి. రింగు సందును పిస్టన్ తయారీదారు ఇచ్చిన కాగితం ప్రకారమే రుద్దుకోవాలి. హైపర్‌యూటెక్టిక్ (సిలికాన్ ఎక్కువగా కలిపిన అల్యూమినియం) పిస్టన్లలో కొన్నిటికి పై రింగు సందు మామూలు కంటే ఎక్కువ అవసరం. తక్కువ ఉంచితే వేడికి రింగు కొనలు తాకి పిస్టన్ అంచు విరిగిపోతుంది.

మెయిన్ క్యాపు బోల్టులను 54, 95, 108 న్యూటన్ మీటర్లుగా మూడు విడతల్లో బిగించి, ప్రతి విడత తరువాతా క్రాంకు స్వేచ్ఛగా తిరుగుతోందో చూడాలి. పాత కొలత బోల్టులతో రాడ్ నట్లకు 45 న్యూటన్ మీటర్లు. వేరే రకం బోల్టులు వేసి ఉంటే వాటి తయారీదారు చెప్పిన అంకె పాటించాలి. హెడ్ బోల్టులను సర్వీస్ మాన్యువల్‌లో ఇచ్చిన వరుసలో 30 న్యూటన్ మీటర్లకు, ఆపైన 61కి, మళ్లీ 61 అని సరిచూసి, చివరకు 149కి బిగించాలి. వరుసలో 11వ బోల్టు మాత్రం 135 దగ్గరే ఆగాలి, దాని మరలకు సీలెంట్ పూయాలి.

ఏడవ అడుగు: ఇంధనం

1991 తరువాతి 4.0 ఇంజిన్ కంప్యూటర్ గాలిని నేరుగా కొలవదు. మానిఫోల్డులోని పీడనాన్ని, ఆర్‌పీఎంను చూసి, ఇంజిన్ 4.0 లీటర్లే అన్న నమ్మకంతో గాలిని లెక్క కడుతుంది. సామర్థ్యం 16 శాతం పెరిగిన సంగతి దానికి తెలియదు. కాబట్టి పాత ఇంజెక్టర్ల కంటే దాదాపు అంతే శాతం ఎక్కువ ప్రవాహం ఉన్న ఇంజెక్టర్లను, అదే ఇంధన పీడనం దగ్గర కొలిచినవాటిని, వేస్తే లెక్క తిరిగి సరిపోతుంది. పాతవే ఉంచితే తేలికగా నడిపేటప్పుడు ఆక్సిజన్ సెన్సర్ సాయంతో కంప్యూటర్ సర్దుకుంటుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు మాత్రం మిశ్రమం పలుచనై పిస్టన్లు కాలుతాయి. పాత బండ్ల నుంచి తీసిన, శుభ్రపరిచి ప్రవాహం సమం చేసిన ఇంజెక్టర్లు దొరుకుతాయి, అవి చాలు.

ఎనిమిదవ అడుగు: మొదటిసారి స్టార్ట్ చేయడం

డిస్ట్రిబ్యూటర్ పెట్టకముందే ఆ రంధ్రంలోంచి పొడవైన కడ్డీతో, డ్రిల్ సాయంతో, డిస్ట్రిబ్యూటర్ తిరిగే దిశలోనే ఆయిల్ పంపును తిప్పి, రాకర్ల దగ్గరికి ఆయిల్ వచ్చేంత వరకూ ఆగాలి. రేడియేటర్ నింపి గాలి పూర్తిగా పోయేలా చూడాలి. క్యామ్, లిఫ్టర్లు కొత్తవైతే జింకు ఎక్కువగా ఉన్న ఆయిల్ పోసి, ఇంజిన్ అంటుకున్న మరుక్షణం నుంచి ఇరవై నిమిషాల పాటు రెండు వేల ఆర్‌పీఎం పైన అటూ ఇటూగా ఉంచాలి, ఐడిల్‌కు దిగనివ్వకూడదు. పాత క్యామ్ అయితే ఈ నియమం అక్కర లేదు. వేడెక్కిన తరువాత ఆయిల్ పీడనం ఐడిల్ దగ్గర 13 పీఎస్ఐకి తగ్గకూడదు, 1,600 ఆర్‌పీఎం దాటాక 37 నుంచి 75 మధ్య ఉండాలి.

మొదటి ఆయిల్, ఫిల్టరు ఈ మొదటి నడక తరువాతే మార్చి, ఫిల్టరును కోసి మడతల్లో లోహపు రజను ఉందేమో వెతకండి. తరువాత రింగులు కూర్చునేలా మధ్యస్థ బరువు మీద వేగం పెంచుతూ, ఇంజిన్‌తోనే వేగం తగ్గిస్తూ నడపాలి. అయిదారు వందల కిలోమీటర్ల తరువాత రెండోసారి ఆయిల్ మార్చి, ఆరు ప్లగ్గులూ విప్పి పింగాణీ రంగు పోల్చి చూడండి. ఒకదాని మీద మెరిసే చిన్న అల్యూమినియం చుక్కలు కనిపిస్తే ఆ సిలిండరులో నాకింగ్ మొదలైందన్నమాట. కారణం తెలిసే వరకూ ఆ బండితో ఎత్తు ఎక్కవద్దు.